గడ్డం దొరగారి పంచతంత్రం

అనగనగా ఓ దొర. ఆ దొరకో పెద్ద గడ్డం. ఎంత పెద్దదంటే, చనిపోయి అయిదు వందల ఏళ్లు దాటినా జనం ఆయన్ని ఆ గడ్డంతోనే గుర్తుపెట్టుకున్నారు. జర్మన్ భాషలో 'ఎబర్‌హార్డ్ ఇమ్ బార్ట్' అంటారు. అంటే, గడ్డం ఎబర్‌హార్డ్!

ఈయన ఏలిన నేల పేరు వుర్టెంబర్గ్. ఇప్పుడు బెంజ్ కార్లకు పుట్టిల్లుగా మనకు తెలిసిన స్టుట్‌గార్ట్ నగరం, దాని చుట్టుపక్కల కొండలు, ద్రాక్షతోటలు, చిన్నచిన్న ఊళ్లు... అదీ ఆయన రాజ్యం. రాజ్యం అనడం కూడా కాస్త ఎక్కువే. ఆ రోజుల్లో జర్మనీ అంటే ఒక దేశం కాదు. పైన పేరుకో చక్రవర్తి, కింద వందల కొద్దీ ప్రభువులు. మన లెక్కలో చెప్పాలంటే ఎబర్‌హార్డ్ జమీందారుకు ఎక్కువ, మహారాజుకు తక్కువ.

అలాంటి ఓ చిన్న దొర కథ మనకెందుకూ అంటే... పింగళకుడనే సింహం, సంజీవకుడనే ఎద్దు, వాళ్లిద్దరి మధ్య చిచ్చుపెట్టిన దమనకుడనే నక్క- ఈ కథ చెప్పించుకోకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. చిన్నయసూరి 'నీతిచంద్రిక' పుణ్యమా అని తాతల తరానికి అది బడి పాఠం కూడా. ఆ నక్క సంస్కృతం నుంచి బయల్దేరి తొమ్మిది వందల ఏళ్లు నడిచి నడిచి, చివరికి జర్మన్ భాష నేర్చుకుంది ఈ గడ్డం దొర కోసమే.

లాటిన్ రాని ప్రభువు

ఎబర్‌హార్డ్ 1445 డిసెంబరు 11న ఉరాఖ్ అనే కొండల నడిమి ఊళ్లో పుట్టాడు. అంతకు మూడేళ్ల ముందే, 1442లో, వుర్టెంబర్గ్ రెండు ముక్కలైంది. అన్నదమ్ములిద్దరు ఆస్తి పంచుకున్నట్టే రాజ్యాన్ని పంచేసుకున్నారు. ఉరాఖ్ వాటా ఎబర్‌హార్డ్ తండ్రి లూడ్విగ్‌ది, స్టుట్‌గార్ట్ వాటా బాబాయి ఉల్రిఖ్‌ది. అయిదో ఏట తండ్రి పోయాడు. తల్లి మెఖ్‌టిల్డ్ రెండేళ్లకు ఆస్ట్రియా రాజవంశీకుణ్ని మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. పన్నెండో ఏడు నిండకముందే, 1457లో, అన్న కూడా పోయాడు. మూర్ఛరోగి అతను. అలా ఓ పసివాడి నెత్తిన సగం రాజ్యం పడింది. బాబాయి పెత్తనం కొన్నాళ్లు నడిచింది. మేనమామ అండతో 14వ ఏట, 1459లో, కుర్రాడు పగ్గాలు చేతికి తీసుకున్నాడు.

తండ్రి లేని పిల్లాడు, చేతినిండా అధికారం. ఏమవుతుందో వేరే చెప్పాలా! తొలినాళ్లలో బాగానే తిరిగాడంటారు. తాగుడూ వేటా విందులూ.

ఇంకో లోటు కూడా ఉంది. ఆ రోజుల్లో చదువంటే లాటినే. పుస్తకాలూ చట్టాలూ చర్చి వ్యవహారాలూ అన్నీ అందులోనే. ఎబర్‌హార్డ్‌కు మాత్రం లాటిన్ నేర్పలేదు. తండ్రే వద్దన్నాడని చెబుతారు. నౌక్లెరస్ లాంటి మహా పండితుడు పక్కనుండి చదువు చెప్పినా ఆ వెలితి వెలితిగానే ఉండిపోయింది. పెద్దయ్యాక ఎబర్‌హార్డ్‌కు ఇది ముల్లులా గుచ్చుకున్నట్టుంది. జీవితంలో ఆయన చేసిన గొప్ప పనుల్లో సగం, చదువుకోలేకపోయినవాడి ఆరాటంలోంచి పుట్టినట్టే కనిపిస్తాయి.

1468లో, 22 ఏళ్ల వయసులో, జెరూసలేం యాత్రకు బయల్దేరాడు. అప్పట్లో అది మన కాశీయాత్ర లాంటిదే. పోయినవాడు తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. ఉరాఖ్ దగ్గరి గ్యూటర్‌స్టైన్ మఠంలో ఆశీస్సులు తీసుకుని మే నెలలో కదిలాడు. సముద్రం దాటి, జులైలో క్రీస్తు సమాధి దగ్గర వీరుడిగా దీక్ష పుచ్చుకున్నాడు. ఆ ఏడాది చివరికల్లా క్షేమంగా ఇల్లు చేరాడు. గడ్డం ఆ యాత్ర మొక్కేనని జనం నమ్మకం. అక్కణ్నుంచి ఓ ముళ్లపొద కొమ్మ తెచ్చి అడవిలో నాటాడనీ, అది చెట్టయి నీడనిచ్చిందనీ ఇంకో కథ. ఈ కథల సంగతెలా ఉన్నా, యాత్ర తర్వాత ఆయన రెండు గుర్తులు పెట్టుకున్నది మాత్రం నిజం. ఒకటి ఖర్జూర చెట్టు. రెండోది 'అటెంప్టో' అనే ఒక్క లాటిన్ మాట. 'తెగిస్తాను' అని అర్థం. లాటిన్ రానివాడు లాటిన్ మాటనే ఎంచుకున్నాడు చూడండి!

1474లో పెళ్లి. వధువు ఇటలీలోని మాంటువా ప్రభువు కూతురు బార్బరా గొంజాగా. పద్దెనిమిదేళ్ల పిల్ల. మాంటువా అంటే అప్పట్లో కళలకు కాణాచి. ఆ కుటుంబాన్ని మాంటెన్యా అనే చిత్రకారుడు కోట గోడల మీద గీసిన బొమ్మలు ఇవాళ్టికీ ప్రపంచ ప్రసిద్ధం. ఆల్ప్స్ కొండలు దాటి వచ్చిన ఆ అమ్మాయికి ఉరాఖ్‌లో వేలమందితో, రోజుల తరబడి పెళ్లి చేశారు. పెళ్లి ఘనమే కానీ సంసారానికి ఓ దిగులు మిగిలింది. మరుసటేడు పుట్టిన ఒక్కగానొక్క కూతురు పసితనంలోనే పోయింది. మళ్లీ పిల్లల్లేరు. పెళ్లికి బయట ఎబర్‌హార్డ్‌కు కొడుకులున్నారు కానీ వాళ్లకు గద్దె దక్కదు. ఇది ఇంటి విషాదమే కాదు, రాజ్యం సమస్య కూడా. దాని సంగతి తర్వాత.

నక్క చేసిన దూరప్రయాణం

లాటిన్ రాని దొర ఏం చేశాడు? పుస్తకాల్నే తన భాషలోకి రప్పించుకున్నాడు. లాటిన్‌లో ఉన్న చరిత్రలూ శాస్త్రాలూ భక్తి గ్రంథాలూ జర్మన్‌లోకి రాయించుకుని చదివాడు, చదివించుకున్నాడు. వాటిలో ఒకటి మన పంచతంత్రం.

ఆ ప్రయాణం తలచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. ఆరో శతాబ్దంలో పర్షియా చక్రవర్తి అనుషిర్వాన్ కొలువులోని బుర్జో అనే వైద్యుడు సంస్కృత కథల్ని పహ్లవీ భాషలోకి తీసుకెళ్లాడు. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా దాన్ని అరబ్బీ చేశాడు. కరటక దమనకులు అక్కడ కలీలా, దిమ్నా అయ్యారు. ఆ అరబ్బీ పుస్తకాన్ని పన్నెండో శతాబ్దంలో ఓ యూదు పండితుడు హీబ్రూలోకి మార్చాడు. ఆయన పేరు రబ్బీ జోయెల్ అంటారు. పదమూడో శతాబ్దంలో జాన్ ఆఫ్ కాపువా దాన్ని హీబ్రూ నుంచి లాటిన్ చేశాడు. ఈయన యూదుడిగా పుట్టి క్రైస్తవం పుచ్చుకున్నవాడు. ఇక మిగిలింది జర్మన్. ఆ పని ఎబర్‌హార్డ్ కోసం చేసింది ఆంటోనియస్ ఫాన్ ఫోర్ అనే మతగురువు. ఎబర్‌హార్డ్ తల్లి మెఖ్‌టిల్డ్ ఉండే రోటెన్‌బర్గ్‌లోనే ఆయన కొలువు. ఆవిడకూ పుస్తకాల పిచ్చి. కొడుక్కి అబ్బిందంటే అబ్బదా మరి!

ఫోర్ తన పుస్తకానికి పెట్టిన పేరు 'పూర్వపు జ్ఞానుల దృష్టాంతాల పుస్తకం'. చేతిరాతలో తిరిగిన ఆ పుస్తకాన్ని 1480-81 ప్రాంతంలో ఉరాఖ్‌లోనే అచ్చువేశారు. గుటెన్‌బర్గ్ యంత్రం వచ్చి అప్పటికి పాతికేళ్లే. 1483లో పక్కనే ఉల్మ్ నగరంలో బొమ్మలతో ఇంకో ముద్రణ వచ్చింది. కాకులూ గుడ్లగూబలూ యుద్ధమాడే బొమ్మలు, సింహం ముందు నక్క చేతులు కట్టుకు నిలబడ్డ బొమ్మలు. ఇక్కడింకో చిత్రం. దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చింది కూడా 15వ శతాబ్దంలోనే. అంటే దమనకుడు తెలుగులోనూ జర్మన్‌లోనూ దాదాపు ఒకే కాలంలో మాట్లాడాడన్నమాట. ఆ నారాయణకవికి ఉరాఖ్ పేరు తెలిసే వీల్లేదు. ఈ దొరకు మన ఊళ్ల పేర్లూ అంతే.

జర్మన్ పుస్తకంలో ఓ చమత్కారముంది. మొదట్లో వరుసగా వచ్చే భాగాల తొలి అక్షరాలు కలిపి చదివితే ఎబర్‌హార్డ్ పేరు, ఆయన వంశం పేరు, చివర్లో 'అటెంప్టో' బయటపడతాయి. మన కవులు కృతిభర్త పేరు పద్యంలో దాచినట్టే ఫోర్ కూడా దాచాడు.

ఊరు చిన్నది, బడి పెద్దది

పంచతంత్రం కన్నా ఆయన పేరు నిలబెట్టింది మాత్రం విశ్వవిద్యాలయమే.

ట్యూబింగెన్ అప్పట్లో నెకర్ నది ఒడ్డున ఓ చిన్న ఊరు. అలాంటి చోట విశ్వవిద్యాలయం పెట్టాలంటే పోప్ అనుమతి కావాలి. డబ్బూ కావాలి. అనుమతి 1476లో నాలుగో సిక్‌స్టస్ పోప్ ఇచ్చాడు. డబ్బు విషయంలో దొర తెలివి చూడండి. సిండెల్‌ఫింగెన్ అనే ఊళ్లో బాగా మాన్యాలున్న ఓ చర్చి సంస్థ ఉండేది. దాన్నీ దాని ఆదాయంలో పెద్ద భాగాన్నీ ట్యూబింగెన్‌కు తరలించేశాడు. ఆ రాబడే పంతుళ్ల జీతాలయింది. మన దేవుడి మాన్యం మీద బడి నడిపించినట్టే. 1477లో తరగతులు మొదలయ్యాయి. తొలి రెక్టారు ఎవరో కాదు, చిన్నప్పటి గురువు నౌక్లెరస్సే.

లోకమంతా వచ్చి తోడుకునేలా ఓ జ్ఞానపు బావి తవ్వుదామన్నది విశ్వవిద్యాలయ ప్రకటనలో ఎబర్‌హార్డ్ చెప్పిన మాట సారాంశం. తవ్వాడు కూడా. గ్రహాల దారి లెక్కకట్టిన కెప్లర్ అక్కడే చదివాడు. షికార్డ్ 1623లో లెక్కలు చేసే యంత్రాన్ని తయారుచేసింది అక్కడే. హెగెల్, షెల్లింగ్, కవి హెల్డర్లిన్ ముగ్గురూ ఓ హాస్టల్లో కలిసి చదువుకున్నారు. 1869లో మీషర్ అనే యువ వైద్యుడు, ఊరి కోటలోని పాత వంటగదిలో నడిచే ప్రయోగశాలలో ఆసుపత్రి కట్లకంటిన చీమును పరీక్షిస్తూ ఓ కొత్త పదార్థాన్ని వేరుచేశాడు. దాన్నే ఇప్పుడు డీఎన్ఏ అంటున్నాం! 1835లో ఇక్కడ డాక్టరేటు పట్టా పుచ్చుకున్న హెర్మన్ గుండర్ట్ మన దేశానికొచ్చి కొంతకాలం చిత్తూరులో ఉన్నాడు. 1838లో ఆయన పెళ్లి జరిగింది కూడా చిత్తూరులోనే. తర్వాత కేరళ వెళ్లి మలయాళ నిఘంటువు రాసి అక్కడివారి గుండెల్లో గూడు కట్టుకున్నాడు. దొర తవ్విన బావి నీళ్లు అలా చిత్తూరు దాకా కూడా పారాయి.

1482లో ఎబర్‌హార్డ్ రోమ్ వెళ్లాడు. పోప్ ఎదుట లాటిన్లో మాట్లాడాలి. రాదు కదా! అందుకే రోయిఖ్లిన్ అనే ఇరవై ఏడేళ్ల పండితుణ్ని వెంట తీసుకెళ్లాడు. దొరకు ఆ కుర్రాడే నోరయ్యాడు. పోప్ బంగారు గులాబీ బహూకరించాడు. ఈ రోయిఖ్లిన్ పేరు గుర్తుంచుకోండి. మళ్లీ వస్తాడు.

అదే ఏడాది డిసెంబరులో పెద్ద పని ఒకటి పూర్తయింది. పిల్లల్లేని ఎబర్‌హార్డ్, స్టుట్‌గార్ట్ వాటా ఏలుతున్న బాబాయి కొడుకుతో ఒప్పందం చేసుకుని నలభై ఏళ్ల కిందట ముక్కలైన రాజ్యాన్ని కలిపేశాడు. ఆ తమ్ముడి పేరూ ఎబర్‌హార్డే. దుబారా మనిషి, నిలకడ లేనివాడు. బతికున్నన్నాళ్లూ పాలన గడ్డం దొరది, ఆ తర్వాత తమ్ముడిది- ఇదీ ఏర్పాటు. మ్యున్సింగెన్ ఒప్పందం అంటారు దీన్ని. రాజ్యాన్ని ఇకమీదట పంచుకోరాదన్నదే దాని కీలకం. ఇక్కడ ఆయన చేసిన ఇంకో పని మెచ్చుకోదగ్గది. తన తర్వాత వచ్చే తమ్ముడి మీద నమ్మకం లేక, ఊళ్ల ప్రతినిధులకూ మఠాధిపతులకూ వీరులకూ పాలనలో గట్టి చోటిస్తూ కట్టుబాట్లు రాయించాడు. అది వృథా పోలేదు. ఆయన పోయాక గద్దెనెక్కిన తమ్ముణ్ని రెండేళ్లకే, 1498లో, ఆ ప్రతినిధులే దించేశారు. పైనున్న రాజూ సరేనన్నాడు.

1495లో వర్మ్స్ నగరంలో జరిగిన సభలో మాక్సిమిలియన్ రాజు ఎబర్‌హార్డ్‌కు డ్యూక్ హోదా ఇచ్చాడు. వంశంలో ఆ గౌరవం దక్కిన మొదటివాడు. ఆ సభ చుట్టూ అల్లిన కథ జర్మన్ పిల్లలకు మన హరిశ్చంద్రుడి కథంత తెలుసు. దొరలంతా కూర్చుని గొప్పలు చెప్పుకుంటున్నారట. ఒకరికి వెండి గనులు, ఒకరికి పెద్ద నగరాలు, ఒకరికి ద్రాక్షతోటలు. ఎబర్‌హార్డ్ వంతు వచ్చింది. నా రాజ్యం చిన్నదే, కానీ ఎంత చిక్కటి అడవిలోనైనా నా జనంలో ఎవరి ఒడిలోనైనా తలపెట్టి నిశ్చింతగా నిద్రపోగలను అన్నాడట. అందరూ 'నువ్వే శ్రీమంతుడివి' అని ఒప్పుకున్నారట. 19వ శతాబ్దంలో కెర్నర్ ఈ కథను పాటగా కడితే అది వుర్టెంబర్గ్ జాతీయగీతమంత పేరు తెచ్చుకుంది. స్టుట్‌గార్ట్ తోటలో పాలరాతి విగ్రహం కూడా ఉంది. ఓ కాపరి ఒడిలో తలపెట్టి పడుకున్న గడ్డం దొర.

డ్యూక్ హోదా ఏడు నెలలే అనుభవించాడు. 1496 ఫిబ్రవరి 24న ట్యూబింగెన్‌లో కన్నుమూశాడు. యాభై ఏళ్లు. ఆయన కోరిక ప్రకారం, ఆడంబరం లేకుండా, తాను అడవిలో కట్టించిన సెయింట్ పీటర్ మఠం సన్యాసుల నీలి వస్త్రంలో అక్కడే పూడ్చారు. తర్వాత, 1537లో, అస్థికల్ని ట్యూబింగెన్ చర్చికి మార్చారు.

ఒడి అందరిదీ కాదు

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కటి చందమామ కథ. కానీ చరిత్ర చందమామ కాదు.

విశ్వవిద్యాలయం పెట్టిన అదే 1477లో ఎబర్‌హార్డ్ దానికో హక్కుల పత్రం రాసిచ్చాడు. విద్యార్థులకు పన్నుల్లేవు, పంతుళ్లకు రక్షణ... ఇలా ఎన్నో మంచి మాటలు. వాటి మధ్యలో ఓ వాక్యం. ట్యూబింగెన్‌లో యూదులెవరూ, వడ్డీ వ్యాపారులెవరూ ఉండటానికి వీల్లేదని. 1492లో రాసిన వీలునామాలో ఆ మాటను రాజ్యమంతటికీ సాగదీశాడు. తన వారసులెవరూ వుర్టెంబర్గ్‌లో యూదుల్ని ఉండనివ్వరాదు, వ్యాపారం చేయనివ్వరాదు. ఆయన పోయాక 1498లో అదే చట్టమైంది. మూడు వందల ఏళ్లు, 19వ శతాబ్దం మొదలయ్యేదాకా, దాదాపు అలాగే నడిచింది.

ఎవరి ఒడిలోనైనా తలపెట్టి పడుకోగలనన్న మనిషి, కొందర్ని మాత్రం తన నేల మీద తలదాచుకోనివ్వలేదు.

అప్పట్లో అందరూ అంతే కదా అని సర్దిచెప్పేవారున్నారు. నిజమే, ఆ శతాబ్దంలో జర్మనీలో ఊరి తర్వాత ఊరు యూదుల్ని తరిమేసింది. అప్పులిచ్చేవాళ్ల మీద జనానికి కోపం, మతగురువుల ద్వేష ప్రచారం... కారణాలు చాలానే చెబుతారు. కానీ 'అందరూ' అన్న మాట పూర్తిగా నిజం కాదు. రోమ్‌లో దొరకు నోరై నిలిచిన రోయిఖ్లిన్‌నే చూడండి. దొర పోగానే కొత్త ప్రభువుకు భయపడి హైడెల్‌బర్గ్ పారిపోయిన ఈయన హీబ్రూ నేర్చుకున్నాడు. 1506లో ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ రాశాడు. 1510లో యూదుల పుస్తకాల్ని నాశనం చేద్దామా అని చక్రవర్తి పండితుల్ని సలహా అడిగితే, కూడదని రాతపూర్వకంగా చెప్పాడు. దానికి ఏళ్ల తరబడి మతవిచారణలు ఎదుర్కొన్నాడు. అదే కొలువులో తిరిగినవాడు, అదే గాలి పీల్చినవాడు.

ఇక పంచతంత్రం సంగతి. రబ్బీ జోయెల్ హీబ్రూ చేయకపోతే జాన్ ఆఫ్ కాపువాకు లాటిన్ చేయడానికి పుస్తకమే లేదు. ఆ లాటిన్ లేకపోతే ఫోర్‌కు చేతిలో ఏమీ లేదు. ఎబర్‌హార్డ్ ఇష్టంగా చదువుకున్న దమనకుడు యూదుల ఇంటి మీదుగానే ఉరాఖ్ చేరాడు. దొరకు ఆ సంగతి తట్టిందో లేదో!

ఈ లెక్క అయిదు వందల ఏళ్ల తర్వాత బయటికొచ్చింది. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం పూర్తి పేరు 'ఎబర్‌హార్డ్ కార్ల్స్'. రెండో పేరు 18వ శతాబ్దపు డ్యూక్ కార్ల్ ఓయ్‌గెన్‌ది. 1769లో తన పేరు తనే తగిలించుకున్నాడు. సైనికుల్ని డచ్ ఈస్టిండియా కంపెనీకి అమ్ముకున్న ఘనుడీయన. ఇలాంటి ఇద్దరి పేర్లు మాకెందుకని విద్యార్థులు అడిగారు. చరిత్రకారులతో పరిశీలన చేయించారు. వాదోపవాదాలు జరిగాయి. చివరికి 2022లో విశ్వవిద్యాలయ సెనేట్ పేరును అలాగే ఉంచింది. గొడవ మాత్రం పూర్తిగా సద్దుమణగలేదు. పేరు తీసేస్తే చరిత్రను దాచినట్టవుతుందని ఒకరు, ఉంచితే పూజించినట్టవుతుందని మరొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే తేలదు.

ఇప్పుడక్కడ దాదాపు 28 వేలమంది చదువుతున్నారు. యూదులూ ఉన్నారు, మనవాళ్లూ ఉన్నారు. విశ్వవిద్యాలయ చిహ్నంలో జెరూసలేం నుంచి దొర తెచ్చుకున్న ఆ ఖర్జూర చెట్టే ఉంటుంది. ఆయన సమాధి ఉన్న చర్చి నుంచి నడిచివెళ్లేంత దూరంలో, పాత ఊళ్లో, ఓ సన్నటి వీధి ఉంది. పేరు యూడెన్‌గాసె. అంటే యూదుల వీధి. 1477కు ముందు వాళ్ల ఇళ్లు అక్కడుండేవి.